మోకాళ్ళ మీద నింపిన విమానం

ఇంతకాలం నన్ను నడిపించి, ఈ ఆదివారం కూడా మందిరం గడప దాటించిన దేవునికి స్తోత్రం. నడిపించి అన్నాను గానీ, ఈమధ్య నాకు నడక కంటే కూర్చోవడమే ఎక్కువైంది. మా పెద్దమందడి సంఘంలో అందరూ మోకరించే వేళకు గోడవార వేసిన ప్లాస్టిక్ కుర్చీ నాది. వంగని మోకాళ్ళవాడి మొర కూడా ఆయన వింటాడన్న నమ్మకంతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మా అక్క కొడుకు తన ఫోనులో ఒక వార్త చూపించాడు. వాడు హైదరాబాదు విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పని చేస్తాడు. మా కాలం నుంచి తిరుగుతున్న ఒక విమానం నమూనాకే మళ్ళీ మెరుగులు దిద్దాలా, లేక దాన్ని పక్కనబెట్టి కొత్తది గీయాలా అని తయారుచేసేవాళ్ళు తర్జనభర్జన పడుతున్నారట.

"కొత్తదొస్తే సామానంత మిషిన్లే ఎక్కిస్తయంట మామా. ఇగ మా అసుంటోళ్ళతోని ఏం పని? వచ్చే ఆదివారం సంఘంల జర మనవి పెట్టు, పాతదే ఉండాలె అని" అన్నాడు. పక్కనే ఉన్న అక్క ఆ మాటకు వాడి మోకాళ్ళ వైపు చూసింది. ఎందుకు చూసిందో వాడికి తెలియదు, నాకు తెలుసు.

వానలు మొహం చాటేసిన ఒక ఏడు నేను, అక్క, బావ బొంబాయికి పోయాం. మట్టిపనికని పోయినవాళ్ళమే గానీ, చెరువు పూడిక తీసేటప్పుడు బారుగా నిలబడి తట్టలు చేతులు మార్చుకోవడం మా పాలమూరు వాళ్ళకు చిన్ననాటి నుంచి అలవాటు గనుక, ఒక గుత్తేదారు మమ్మల్ని ఏరుకుని విమానాశ్రయానికి తీసుకెళ్ళాడు. ప్రయాణికుల కాళ్ళ కింద, విమానం కడుపులో సామాను అర ఉంటుంది. అందులో మనిషి నిలబడలేడు, మోకాళ్ళ మీద పాకాల్సిందే. వాకిట్లో తిమ్మాజిపేట మనిషి ఒకాయన, నడుమ నేను, చివరికొసన బావ. పెట్టె మీద పెట్టె చేతులు మారి లోపలికి పోతుంటే నాకు చెరువుకట్టే గుర్తొచ్చేది, చెరువు దగ్గర నెత్తి మీద ఆకాశం ఉండేదన్నదే తేడా. "యోనా చేప కడుపులకు ఒక్కపాలే పోయిండు, మనం దినాం పోతున్నం" అని బావ నవ్వించేవాడు. మా అమ్మ చీరలతో కుట్టిన బొంతను అక్క కొంచెం కొంచెం కోసి మా మోకాళ్ళకు మెత్తలు కుట్టేది. అవి అరిగిపోయేవి, మళ్ళీ కోసేది. ఊరికి తిరిగొచ్చేనాటికి ఆ బొంత పసిపిల్లకు కూడా సరిపోనంత అయింది.

అప్పుడు కూడా ఇదే పుకారు పుట్టింది, ఆ విమానం ఇక ఉండదని, కొత్తది వస్తుందని. అక్కడి తెలుగువాళ్ళం రేకుల గదిలో కూడుకునే ఆదివారం, బావ లేచి ముసలి ఇమానం పోకుండా ప్రార్థన చేయమని పాస్టరు అయ్యగారిని అడిగాడు. ఆయన కళ్ళు మూసుకునేలోగా ఆడవాళ్ళ వైపు నుంచి అక్క లేచింది.

"నాది గూడ ఒక మనవి అయ్యగారూ. అది తొందరగ పోవాలె. మా ఆయన మోకాళ్ళు నాకు కావాలె."

"నీ మనవి నెరవేరితే మనింట్ల పొయ్యిల పిల్లి లేవదు, కూసో" అన్నాడు బావ.

"ఒక్కింట్ల నుంచే రెండు మనవులైతే దేవుడు ఎవరి దిక్కు నిలబడాలెనమ్మా" అని అయ్యగారు నవ్వారు, మేమంతా నవ్వాం. చివరికి బావ మనవికే గదంతా ఆమేన్ అంది.

ఆ విమానం పోలేదు. ఇంజన్లు మార్చారు, రెక్కలు మార్చారు, పొడవు సాగదీశారు, కడుపు ఎత్తు మాత్రం అలాగే ఉంచారు. పొయ్యి ఆరలేదు, అందుకు ఇప్పటికీ స్తోత్రమే చెల్లిస్తాను. అయితే అరణ్యంలో మాంసం కోసం ఏడ్చిన జనానికి అడిగింది దొరికాక, అది నోట్లో ఉండగానే తెగులు ఎలా తగిలిందో బడికి పోకముందే సండే స్కూల్లో నేర్చుకున్నవాణ్ణి నేను. బావ ఊరికొచ్చాక నాట్లకు వంగలేకపోయాడు, నేల మీద కూర్చుని అన్నం తినలేకపోయాడు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచే వేళ ఒక్కసారి మోకరించాలని ఆశపడితే నేనూ అక్కా చెరో రెక్క పట్టుకున్నా ఆయన మోకాలు వంగలేదు. దినాం ఆ కడుపులో మోకరించిన మనిషి నిలబడే రొట్టె తీసుకున్నాడు. ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు.

ఇప్పుడు ఆయన కొడుకు అదే కడుపులో పాకుతున్నాడు. మా రోజుల్లో బొంత ముక్కలు, వీడికి రబ్బరు తొడుగులు, మారింది అంతే. ఈ ఆదివారం నేను కుర్చీలోంచే మనవి చెప్పాను. పాతది ఉండాలని అనలేదు, వాడు నా వైపు ఓరగా చూశాడు. కొత్తది రావాలని, దాన్ని గీసేవాళ్ళు లోపల మనిషి నిటారుగా నిలబడేంత చోటు విడవాలని, ఆ చోట్లో వీడిలాంటి వాళ్ళకు పని కూడా మిగల్చాలని అడిగాను. అందరికంటే ముందు ఆమేన్ అన్నది అక్క.

ఒకే మనవిలో ఇన్ని అడగొచ్చో లేదో తెలియనంతగా అలసిపోయాను. నా ఈడువాళ్ళు, మోకాళ్ళు ఇంకా వంగేవాళ్ళు ఉంటే, ఈ పూట నా బదులు కూడా ఒకసారి వంచి ఆయన్ను అడగండి. వంగనివాళ్ళు నాలాగే కూర్చునే అడగండి.