పిన్నిగారి ముడికి రంగు వేసిన రోజు

గిన్నెలో గోరింటాకు ముద్ద నానుతోంది. టీ డికాక్షన్‌లో కలిసిన ఆకు వాసన కొంచెం తడిమట్టిలాగా, కొంచెం పాత ఇనుప మూకుడులాగా ఇల్లంతా పరుచుకుంది. ఆదివారం మధ్యాహ్నం వెంగళరావు నగర్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో అందరి తలుపుల్లోంచీ మసాలా వాసన వస్తుంటే, నా తలుపులోంచి ఇది వస్తుంది. కింది ఫ్లాటావిడ ఒకసారి లిఫ్టులో, "పది నిమిషాల్లో నల్లబడే డబ్బాలొచ్చాయి కదండీ, ఇంకా ఈ అవస్థ ఎందుకు?" అని అడిగింది. "ఆ మిగిలిన టైముతో ఏం చేసుకోమంటారు?" అన్నాను. ఆ తర్వాత నన్ను చూస్తే ఆవిడ మెట్లెక్కడం మొదలుపెట్టింది. మనుషుల్ని పోగొట్టుకోవడంలో నాకు మంచి అనుభవం ఉంది.

తలకి ముందువైపు నేనే పెట్టుకుంటాను. పాపిట, కణతలు, చెవుల పైన అంతా చెయ్యి సాఫీగానే నడుస్తుంది. మెడ వెనక్కి వచ్చేసరికి గుడ్డితనం మొదలవుతుంది. వెనక ఒక అద్దం, ముందు ఒక అద్దం పెట్టుకున్నా, చెయ్యి ఎడమకి పోతే అద్దంలో కుడికి పోయినట్టుంటుంది. ఒంటరిగా ఉండే ఆడవాళ్ళని వెనక నుంచి చూస్తే చాలు, ఇట్టే పట్టేయొచ్చు. అక్కడ ఆగిన ప్రతిసారీ నాకు కనకవల్లిగారు గుర్తొస్తారు.

ఆవిడని మీలో చాలామంది చూసే ఉంటారు, పేరు మాత్రం తెలిసి ఉండదు. హీరో ఇల్లు విడిచి వెళ్ళిపోతుంటే స్తంభం పట్టుకుని నిలబడే తల్లి ఆవిడే. హీరో ఏడుస్తున్నప్పుడు తెర నిండా అతని ముఖం ఉంటుంది, తెర అంచున ఒక భుజం, ఒక జుట్టు ముడి ఉంటాయి. ఆ భుజమూ ముడీ కూడా ఆవిడవే. సినిమా పరిశ్రమంతా మద్రాసు నుంచి హైదరాబాద్‌కి తరలి వచ్చిన రోజుల్లో ఆవిడా ట్రంకుపెట్టెతో వచ్చి యూసుఫ్‌గూడలో ఒక పోర్షన్ అద్దెకి తీసుకున్నారు. భర్త ఎప్పుడో పోయారు, పిల్లలు లేరు. రాజమండ్రిలో ఒక చెల్లెలుంది. పండగలకి ఫోను చేస్తుండేది.

నేనప్పుడు తెలుగు ఎమ్మే చేసి, మాటల రచయిత్రినవుదామని వచ్చి, కంటిన్యుటీ పనిలో పడ్డాను. నిన్నటి షాట్‌లో నటి బొట్టు ఎంతుందో, కొంగు ఏ భుజం మీదుందో ఇవాళ్టి షాట్‌లోనూ అలాగే ఉందా అని చూసే పని అది. తప్పులు పట్టడానికి జీతమిస్తున్నారంటే మా నాన్న నమ్మలేదు. "ఇన్నాళ్ళూ ఊరికే చేశావు కదే," అన్నాడు.

జూబ్లీహిల్స్‌లో షూటింగులకి అద్దెకిచ్చే ఒక బంగళాలో మొదటిసారి ఆవిడతో మాట్లాడాను. మాట్లాడటమంటే, షాట్ మొదలవబోతుంటే అందరి ముందూ, "నిన్న మీ ఎడమ చేతి నిండా గాజులున్నాయండీ, ఇవాళ సగం లేవు," అన్నాను. కో-డైరెక్టరు నా మీద లేచాడు. "పెద్దావిడతో అలాగేనా మాట్లాడేది?" అన్నాడు. కనకవల్లిగారు చెయ్యి చూసుకుని, "పెద్దావిడ సంగతి తర్వాత, ముందు గాజులు తెప్పించు నాయనా. ఆ పిల్ల చెప్పింది నిజమే," అన్నారు. భోజనాల దగ్గర నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నువ్వు చెప్పేది నిజమే. చెప్పే తీరే పళ్ళు పీకేవాడి తీరులా ఉంది. కూర వేసుకో. ఎక్కడుంటున్నావు?"

"హాస్టల్లో అండీ. రేపు ఖాళీ చేస్తున్నా. వార్డెన్‌తో గొడవైంది."

"ఇంకెవరితో అవలేదా?"

"చేరి వారమేగా అయింది."

ఆవిడ నవ్వి నవ్వి మజ్జిగ గ్లాసు కింద పెట్టేశారు. ఆ నెలలోనే ఆవిడ పోర్షన్ మీద ఉన్న గదిలోకి మారాను. మొదటి సాయంత్రం "అమ్మగారూ" అని పిలిస్తే చెయ్యి అడ్డంగా ఊపారు. "ఆ పిలుపు నేను కాల్షీట్ ఇచ్చి పిలిపించుకునేది. దాన్ని ఇంటికి తెచ్చుకోను. పిన్నీ అను." అప్పటినుంచి పిన్నిగారు అయ్యారు. నాతో వాదించి అలసిపోని మనిషిని ఆవిడనొక్కరినే చూశాను. వాదన మధ్యలో లేచి పప్పుకి పోపు పెట్టి, తిరిగొచ్చి సరిగ్గా ఆగిన మాట దగ్గరే మళ్ళీ అందుకునేవారు.

ఇక ఆ రోజు సంగతి. షూటింగుకి ఒక్కరోజు సెలవిచ్చారు. సగం తీసిన సన్నివేశం మర్నాడు పొద్దున్నే పూర్తి చెయ్యాలి. మధ్యాహ్నం కిందనుంచి, "ఏమే, ఒకసారి దిగిరా. అరవకుండా దిగిరా," అని వినిపించింది. దిగి చూస్తే పిన్నిగారు పెరట్లో దండెం పక్కన స్టూలు మీద తడితలతో కూర్చుని ఉన్నారు. ముందువైపు ఫరవాలేదు. వెనక, మెడ మీదనుంచి నడినెత్తి దాకా, తెల్లవెంట్రుకలున్న చోటల్లా నీటితొట్టెకి పట్టిన నాచులా ఆకుపచ్చగా ఉంది.

"ఇదేంటండీ!"

"అరవొద్దన్నానా? ముందువైపు పెట్టేసరికి గోరింటాకు పొట్లం అయిపోయింది. జుట్టు నల్లబరిచే నీలిపొడి ఉంది కదా, ముద్ద నల్లగానే ఉంది కదా అని వెనక అదొక్కటే పెట్టేశాను. మద్రాసులో అయితే ముందు గోరింటాకు, అది కడిగాక నీలిపొడి, రెండూ హెయిర్‌డ్రెస్సర్ పెట్టేది. నాకు కూర్చోవడమే తెలుసు." కొంచెం ఆగి, "బ్లాక్ అండ్ వైట్ రోజులైతే ఇదీ నలుపే. కలరొచ్చి కొంప ముంచింది," అన్నారు.

నాకు నవ్వు రాలేదు. మర్నాడు తీయబోయే షాట్ నాకు తెలుసు. హీరో తల్లిని కావలించుకుని ఏడుస్తాడు. కెమెరా ఆవిడ వెనకే ఉంటుంది.

"కొంగు కప్పుకుంటే?" అన్నాను.

"నిన్నటి షాట్‌లో కొంగు లేదు. నువ్వే ఒప్పుకోవు."

"విగ్గు?"

"విగ్గు కావాలంటే మేనేజర్ని అడగాలి. ఎందుకంటాడు. చూస్తాడు. వచ్చే సినిమాకి ఇప్పటికే బామ్మ వేషం అంటున్నాడు. ఈ తల చూశాడంటే రేపటినుంచి నేను బామ్మనే. బామ్మకి రెండు సీన్లు, మూడో సీన్లో ఫోటోకి దండ."

నాలో వాదించే మనిషి లేచింది. "ఎలాగూ మేకప్‌లో కణతలకి తెలుపు పూస్తున్నారుగా? దానికోసం ఇంట్లో నలుపు వేసుకోవడం ఏం న్యాయమండీ? ఉన్న తెలుపుతోనే వెళ్ళొచ్చుగా?"

పిన్నిగారు నాకేసి తిరిగారు. "వాళ్ళు పూస్తే అది నటన. నేను తీసుకెళ్తే అది వయసు. వాళ్ళు పూసింది సాయంత్రం సబ్బుతో పోతుంది." చేతిలోని తువ్వాలు మడత పెడుతూ, గొంతు తగ్గించి, "అక్కడైతే రోజూ ఎవడో ఒకడు అమ్మా అని పిలుస్తాడే. ఇంట్లో ఈ గోడలు పిలుస్తాయా?" అన్నారు.

ఆవిడ చేతిలోంచి తువ్వాలు తీసుకుని దండెం మీద వేశాను.

అంతలో ఇంటి ఓనరు మల్లమ్మ బట్టలు తీసుకుపోవడానికి వచ్చింది. "ఏందమ్మా గిది! నెత్తికి పసరు గిట్ల పట్టించుకున్నవా?" అంది. పిన్నిగారు నవ్వబోయి ఆగిపోయారు. చెయ్యి గాల్లోనే నిలిచింది. "పచ్చదనాన్ని ఎరుపు చంపుతుంది! గడ్డం గీసుకున్న హీరోల చెంపల మీద పచ్చగా కనపడకుండా మేకప్‌మేన్ ముందు ఎర్రరంగు అద్దుతాడు, చూశావుగా? దీని మీదా ఎరుపు వెయ్యాలి. మల్లమ్మా, మీ గోరింటచెట్టు..."

"ఆకు దూస్కోండ్రి, దానికేం ఫికరు? కొమ్మలిర్వకుండ్రి. ఎర్రగైతే మాత్రం నన్ననద్దు."

ముగ్గురం ఆకు దూశాం. మల్లమ్మ రుబ్బురోలు కడిగి ఇచ్చి, "నీకు రుబ్బుడు రాదు, జర జరుగు," అని నన్ను పక్కకి తోసి తనే రుబ్బింది. చిక్కటి డికాక్షన్, నిమ్మరసం కలిపాం. పెట్టడం మాత్రం నా వంతైంది. పిన్నిగారు పీట మీద కూర్చుని తల వంచారు. పాయ తీసి, మొదలు నుంచి చివర దాకా ముద్ద పట్టించి, పక్కన పెట్టి, ఇంకో పాయ తీశాను. ఆవిడ మెడ నేననుకున్నదానికంటే సన్నగా ఉంది. మెడ మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. "ఇక్కడ మచ్చ ఉంది, తెలుసా మీకు?" అన్నాను. "ఉందా?" అన్నారు. ఎవరైనా చెబితే తప్ప ఎలా తెలుస్తుంది? వీధిలో ఆటోవాడెవరో గుట్టెక్కనని బేరమాడుతున్నాడు. ఆ తర్వాత ఆవిడ తల ఎత్తకుండానే అన్నారు: "ముందువైపు ఎవరికి వాళ్ళం చూసుకోగలం. వెనకవైపుకి ఇంకో మనిషి కావాలే. అందరితోనూ తగువు పెట్టుకో, వద్దనను. ఒక్క మనిషిని మాత్రం మిగుల్చుకో."

పొద్దు వాలేవేళకి కడిగితే ఆకుపచ్చ పోయింది. నలుపు రాలేదు, ముదురు గోధుమరంగు వచ్చింది. తడి ఆరి, నూనె రాసి ముడి వేసేసరికి నీడలో నలుపులాగే ఉంది. లైట్ల కింద ఎలా ఉంటుందో చెప్పలేను. ఆ మాటే పైకి అనేశాను. "అనవే, అను. నువ్వు అబద్ధం చెబితే నాకు భయమేస్తుంది," అన్నారు.

మర్నాడు మేకప్ కుర్చీ వెనక నిలబడ్డాను. మేకప్‌మేన్ ఆవిడ తల అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీ జుట్టు మరీ నల్లగా ఉందమ్మా, తెలుపు కొంచెం ఎక్కువ పెడతాను," అని బ్రష్షు తీశాడు. అద్దంలో పిన్నిగారు నాకేసి చూసి కన్ను గీటారు. అంత వయసులో అంత అల్లరిగా కన్ను గీటిన ఆడమనిషిని నేను మళ్ళీ చూడలేదు.

షాట్‌లో హీరో "అమ్మా" అంటూ ఆవిడని కావలించుకున్నాడు. రంగు ఇట్టే అంటుకునే తెల్లచొక్కా. ముడి సరిగ్గా అతని భుజానికి ఆనుకుంది. డైరెక్టరు ఓకే అనగానే పిన్నిగారు కళ్ళు తుడుచుకుంటూ నా పక్కకొచ్చి, పెదవులు కదలకుండా, "చొక్కా?" అన్నారు. "తెల్లగానే ఉంది," అన్నాను.

ఆ తర్వాత ఆ పని ప్రతిసారీ నాదే. ఇంకొన్నేళ్ళు ఆవిడ అమ్మగానే ఉన్నారు. తర్వాత, ఒకప్పుడు హీరోల పక్కన పాటలు పాడినవాళ్ళే తల్లులుగా రావడం మొదలైంది. బామ్మ వేషాలకీ పిలుపులు తగ్గాయి. నేను ఒక డైరెక్టరుతో పోట్లాడి, సినిమాలు వదిలి కాలేజీలో చేరాను. పిన్నిగారు రాజమండ్రి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయే రోజు, ట్రంకుపెట్టె గుమ్మంలో ఉండగానే, గిన్నెలో ముద్ద కలిపి తీసుకెళ్ళాను. "ఇంకెవరు చూస్తారే?" అన్నారు. "నేను చూస్తాను," అన్నాను. పీట వాల్చుకుని, తల వంచారు. ఆటో ఆలస్యంగా వచ్చింది. మేమిద్దరం దాన్ని ఏమీ అనలేదు. ఆవిడ పోయారన్న కబురు చాలా రోజుల తర్వాత పోస్టు కార్డు మీద వచ్చింది.

ఇప్పుడు నా ముందువైపు ముద్ద ఆరుతోంది. వెనకవైపు ఎప్పటిలాగే తెల్లగా మిగులుతుంది. ఆవిడ మిగుల్చుకోమన్న ఆ ఒక్క మనిషీ ఆవిడే అయ్యారు, ఇంకెవర్నీ సంపాదించలేదు. టీవీలో అప్పుడప్పుడు మధ్యాహ్నాలు ఆ సినిమా వేస్తారు. హీరో ఏడుపు నేను చూడను. తెర అంచున, మసగ్గా, అతని తెల్లచొక్కాకి ఆనుకున్న ముడినే చూస్తాను. తప్పు పట్టడానికి ఎంత వెతికినా దొరకదు. ఒక షాట్‌కీ పక్క షాట్‌కీ రంగు సరిగ్గా కలిసిపోయింది. ఆ రెండింటి మధ్యన ఒక మధ్యాహ్నమంతా ఉందని, పెరట్లో ఒకామె తల వంచి కూర్చుందని, నేను పాయ తీసి పాయ తీసి రంగు పట్టించానని ఎవ్వరికీ తెలియదు.