తుపాకికి పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో హాలిఫాక్స్‌లో ఏ బస్సెక్కినా వెనక సీట్లో ఒక తెలుగు కుర్రాడు నిద్రపోతూ కనిపించేవాడు. వాళ్ళలో నేనొకణ్ణి. పగలు కాలేజీ, సాయంత్రం గోడౌన్‌లో పెట్టెలు మోయడం, మిగిలిన టైములో అసైన్‌మెంట్లు. మనిషికి కూడూ గుడ్డా గూడూ చాలన్నవాళ్ళు నిద్రనెందుకు వదిలేశారో నాకిప్పటికీ అర్థం కాదు.

నేను అద్దెకున్న బేస్‌మెంట్ పై ఇంటాయన గుంటూరు వైపు డాక్టర్ గారు, రిటైరైన సర్జన్. చేతులు కాస్త వణకడం మొదలవగానే, ఇంకొకరు చెప్పేదాకా ఆగకుండా ఆయనే కత్తి పక్కన పెట్టేశారట. పక్కింటి గడ్డం దొర (అసలు పేరు చెబితే డాక్టర్ గారి భార్యకు, అంటే మా ఆంటీకి, ఎవరో తెలిసేది కాదు) ఏటా జింకల వేటకు రమ్మనడం, ఈయన డ్యూటీ ఉందనడం ఎన్నో ఏళ్ళు నడిచింది. ఆ ఏడు గడ్డం దొర ఇల్లమ్మేసి కూతురి దగ్గరికి అల్బెర్టా వెళ్ళిపోతున్నాడు. కాబట్టి వెళ్తే ఇప్పుడే వెళ్ళాలి. లైసెన్సు ఎప్పుడో తీసుకున్నారు, తుపాకి కొనడమే తరువాయి. కానీ ఆయన భయమంతా చేతుల గురించే. అన్నేళ్ళ స్నేహితుడి ముందు అవి వణికితే ఎలాగని.

ఆ సీజన్లో వాడాల్సింది మజిల్‌లోడర్, అంటే గొట్టం మూతిలోంచి మందు కూరి పేల్చే తుపాకి. (మా కరీంనగర్ దిక్కు దాన్ని నాటు తుపాకి అంటారు. ఇంట్లో దొరికితే పోలీసులు పట్టుకుపోతారు. ఇక్కడ అద్దాల బీరువాలో పెట్టి అమ్ముతున్నారు.) అందులో రెండు రకాలు. పాత పద్ధతి దానికి మందు కొలిచి పోయాలి, గుడ్డపేలికలో సీసం గుండు పెట్టి కడ్డీతో దట్టించాలి, వెనక సన్నటి బెజ్జమున్న ములుకుకు చిన్న రాగి టోపీ తొడగాలి, అది పేలితే నిప్పురవ్వ ఆ బెజ్జంలోంచి వెళ్ళి మందును అంటిస్తుంది. కొత్తదానికి మందు బిళ్ళలుగా వస్తుంది, గురి చూసే అద్దముంటుంది, చుక్క నీరు కూడా దూరకుండా అంతా మూసే ఉంటుంది. ఏది కొనాలన్నది తేలక డాక్టర్ గారు నన్ను మెట్ల దగ్గరే పట్టుకునేవారు.

"ఏమంటావబ్బాయ్, పాతదా, కొత్తదా?"

"కొత్తదే తీస్కోండి అంకుల్, ఈజీ ఉంటది." (ఈజీ నాకు. తేలిపోతే పోయి పడుకోవచ్చు.)

"దొరది పాతదేనోయ్. అతను మందు కొలిచి పోసుకుంటుంటే నేను పక్కన నిలబడి బిళ్ళలేసుకోనా?"

"ఏదో ఒకటి తెచ్చుకోండి. ఆ పిల్లాడు నిలబడే నిద్రపోతున్నాడు" అన్నారు ఆంటీ వంటింట్లోంచి.

చివరికి పాతదే కొన్నారు. వేటకు ముందు రోజు దసరా పడింది. ఆంటీ ఆయుధ పూజకు స్టెతస్కోపు, మిక్సీ, నా లాప్‌టాప్, కొత్త తుపాకి వరసగా పెట్టారు. "మీ ఆయుధానికి మీరే పెట్టండి" అని పసుపూ కుంకుమా తడిపి ఆయన చేతికిచ్చారు. తుపాకి చెక్క మీద పెట్టబోయిన బొట్టు, వేలు వణికి, జారి ములుకు మీద పడింది. ఆంటీ కొంగుతో తుడిచేశారు. పైపైన ఉన్నదంతా పోయింది.

మర్నాడు నాకు దొరికిన ఒకే ఒక్క సెలవు. "ఆయనకు తోడు వెళ్ళు నాన్నా" అని ఆంటీ అంటే కాదనలేకపోయాను. ముగ్గురం వేటగాళ్ళు తొడుక్కునే నారింజ రంగు చొక్కాల్లో అడవికి చేరాం. మందు పోసేటప్పుడు డాక్టర్ గారి చేతుల్లోంచి సగం బూట్ల మీద రాలింది. గడ్డం దొర అది చూడనట్టు ఆకాశం వైపు తిరిగి వాతావరణం గురించి మాట్లాడాడు. నేను చెట్టుకానుకుని కళ్ళు మూశాను.

ఎవరో భుజం గిల్లితే లేచాను. ఎదురుగా జింక. డాక్టర్ గారు తుపాకి ఎత్తి ఉన్నారు. నేను జింకను వదిలేసి ఆయన చేతులే చూశాను. అవి కదలడం లేదు. ఆపరేషన్ థియేటర్లో ఆయన ఎలా ఉండేవారో నాకు అప్పుడు తెలిసింది.

టప్పుమంది. అంతే. రాగి టోపీ పేలిందిగానీ తుపాకి పేలలేదు. జింక మా ముగ్గురినీ ఒకసారి చూసి, తొందరేమీ లేకుండా వెళ్ళిపోయింది.

గొట్టాన్ని నేలకేసి పట్టించి, ఆలస్యంగా పేలుతుందేమోనని కాసేపు ఆగి, గడ్డం దొర ములుకు విప్పి సూదితో పొడిచాడు. పచ్చగా, ఎర్రగా పొడి రాలింది.

"వాటీజ్ దిస్, డాక్?"

"బ్లెస్సింగ్" అన్నారు డాక్టర్ గారు తల వంచుకుని.

"టూ మచ్ బ్లెస్సింగ్" అని దొర గడ్డం తడిసేలా నవ్వాడు. తర్వాత నవ్వాపి, డాక్టర్ గారి చేతిని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో డాక్టర్ గారు తన చేతులకేసే చూసుకుంటున్నారు. బాధపడుతున్నారనుకుని, "కొత్తదైతే బొట్టు పైనే ఉండిపోయేది అంకుల్" అన్నాను.

"పోనీలేవోయ్. వణికాయా?"

"లేదు అంకుల్. అస్సలు వణకలె."

"దొర కూడా చూశాడు" అన్నారాయన నవ్వుతూ. ఇల్లు చేరేదాకా ఆ నవ్వు ముఖం మీంచి పోలేదు.

ఇప్పుడు నేను మిల్టన్ అనే ఇంకో ఊళ్ళో ఉంటున్నాను. నిద్ర చాలదన్న ఫిర్యాదు మాత్రం మారలేదు, కారణాలు మారాయి. దసరాకు లాప్‌టాప్‌కు బొట్టు పెట్టేటప్పుడు ముందు ఛార్జింగ్ బెజ్జం ఎక్కడుందో చూసుకుంటాను. ఈ మధ్య వేలు కాస్త పక్కకు జారుతోంది. నిద్ర చాలకేలే అనుకుని నవ్వుకుంటాను.