హెల్మెట్ వద్దన్న బేరం

బ్యాటరీ స్కూటర్ కొన్నప్పుడు హెల్మెట్ వద్దని చెప్పి, బండి ధరలో దాని పైసలు తగ్గించుకున్న మొనగాణ్ణి నేను. దుకాణాల మధ్య పెరిగినవాణ్ణి మరి! వారం తిరగకుండానే ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో, నా బండి చప్పుడు వినబడక ఒక పెద్దాయన అడ్డం వచ్చాడు. ఆయన్ని తప్పించబోయి నేను పడ్డాను.

దవాఖానలో నర్సు నా తల కుడుతూ, "బ్యాటరీ బండేనా?" అంది.

"ఎట్ల తెలిసింది చెల్లె?"

"గీ బండోళ్లంతా గింతే. లైసెన్సు అక్కర్లేదంటే తలకాయ గూడ అక్కర్లేదనుకుంటరు."

"రెండు కుట్లు తగ్గించరాదు?"

"గిది అంగడి కాదన్నా. హెల్మెట్ కొన్నంకనే బండెక్కు."

కట్టుతోనే దుకాణానికి వెళ్లి, చెప్పిన ధరకే హెల్మెట్ కొన్నాను. కుట్లు మానేదాకా బండి ముట్టలేదు. తగ్గించుకున్న పైసలు హెల్మెట్‌కే సరిపోయాయి. కుట్లు మాత్రం నికర నష్టం.