చెంచురామయ్య పులుసు పరీక్ష

చెంచురామయ్య తన చేత్తో చేసిన ఆకు ప్లేటుని తనే నమ్మడు. అందులో వేడన్నం పెట్టి, పైన చేపల పులుసు పోసి, ఎవరిచేతనో తినిపించి, "కారిందా?" అని అడిగితేగానీ ఆయన మనసు కుదుటపడదు.

నెల్లూరు వైపు కోట అనే వూరికి దగ్గర్లో, సముద్రపు ఒడ్డు పల్లె వాళ్ళది. ప్లాస్టిక్ ప్లేట్లకి పోటీగా మోదుగాకులు కుట్టి, మెషీనులో వేడిగా నొక్కి ప్లేట్లు చేస్తారు మొగుడూ పెళ్ళాలు. నొక్కడం ఆయన పని. పరీక్షకి పులుసు కాయడం వనజాక్షి ఖర్మ.

ఈ పిచ్చి ఎందాకా పోయిందంటే, పెళ్ళిభోజనాల్లో పక్కవాడు తింటుండగానే వాడి ప్లేటెత్తి అడుగు చూస్తాడు. వనజాక్షి తమ్ముడు కొత్తిల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిస్తే, అందరూ ఆహా ఓహో అంటుంటే ఈయన కప్పు కేసి చూసి, "కారిందా?" అన్నాడు. ఆ తమ్ముడు చాన్నాళ్ళు మాట్లాడలేదు.

ఎండాకాలం సముద్రంలో చేపల వేట నిషేధం వచ్చి పడవలు ఒడ్డెక్కాయంటే పిచ్చి ముదురుతుంది. చెరువు చేపలు తెచ్చి మరీ పరీక్షలు రెండు పూటలా మొదలుపెడతాడు. ఈసారి సరిగ్గా అప్పుడే బుచ్చిరెడ్డిపాలెం పెళ్ళికి ప్లేట్లు కావాలని నెల్లూరు క్యాటరింగు మాథ్యూ ఆర్డరిచ్చాడు. వాళ్ళకంత పెద్ద ఆర్డరు ఎన్నడూ రాలేదు. అందకపోతే పెళ్ళివాళ్ళు మళ్ళీ ప్లాస్టిక్కే కొంటారు. రేపు పొద్దున ఆటో వస్తుంది. ఈయనేమో చేసినవి చేసినట్టు పరీక్షకి పట్టుకుపోతున్నాడు.

"ఏమయ్యా, నీకు బుద్ధుందా? పోయినేటి నుంచీ ఒక్క ప్లేటన్నా కారిందా?"

"అది పోయినేటి ఆకు వనజా. ఈ ఆకు గుణం ఎవరికి తెలుసు?"

"ఆకుకి గుణమేంది, నీకు పిచ్చిగానీ!"

ఇవాళ అటో ఇటో తేల్చేద్దామని వనజాక్షి పులుసు గిన్నెతో సహా, పరీక్షలు జరిగే మెషీను షెడ్డు వెనక్కి మొదటిసారి పోయింది. పందిరి కింద పడవలవాళ్ళు వరసగా కూర్చుని తింటున్నారు. అందరికంటే ముందు రమణయ్య! ఒకరింట్లో టీ నీళ్ళు కూడా ముట్టని మనిషి. ఇంట్లో పొయ్యి వెలగని రోజున పలకరించినా, మీసం తుడుచుకుని "ఇప్పుడే తిన్నా" అంటాడు. అలాంటివాడు ప్లేటు శుభ్రంగా ఊడ్చి, పైకెత్తి, వెలుతురుకి పట్టి పెద్ద ఇంజనీరు మాదిరి చూస్తున్నాడు.

"కారిందా అన్నా?" అన్నాడు చెంచురామయ్య.

"ఈ మూల చెమ్మ తగిలినట్టుంది అబ్బయా. ఇంకోదాంట్లో పెట్టి చూడాల."

వనజాక్షి వంగి చూసింది. అడుగున చుక్క తడి లేదు. తలెత్తి మొగుణ్ణి చూసింది. ఆయన ఆమె కేసి చూడకుండా ఇంకో ప్లేటు తీసి గబగబా అన్నం వడ్డిస్తున్నాడు.

ఓరి నీ దొంగబుద్ధి తగలెయ్య! ఇన్నేళ్ళూ పులుసు కాచిందీ తనే, సంగతి తెలియందీ తనే. ఆమెకి నవ్వొచ్చింది. మొగుడి మీద ఎక్కడలేని ప్రేమా వచ్చింది.

అంతలో మాథ్యూ ఫోను. "అక్కా, ప్లేట్లు రెడీనా?"

"ఆటోని రేపు సాయంత్రం పంపు."

"పొద్దునన్నారే?"

"పరీక్షలింకా కాలేదబ్బయా. పెళ్ళి ఎల్లుండి గదా! నేనే మెషీను కాడ కూర్చుంటా. అందకపోతే అప్పుడడుగు."

ఫోను పెట్టి రమణయ్య వైపు తిరిగింది.

"అన్నా, నీ ఒక్కడి పరీక్ష చాల్దు. రేపు వదిన్నీ పిల్లల్నీ కూడా తీసుకురా. పెద్దోళ్ళు పద్ధతిగా తింటారు. పిల్లలు కెలికితేగానీ ప్లేటు సంగతి తేలదు."

రమణయ్య మీసం తుడుచుకున్నాడు.

"అదీ నిజమే తల్లీ," అని ఒప్పుకుని, గొంతు సవరించుకుని, "పెరుగు కూడా పోసి చూడాల మరి," అన్నాడు.