నొక్కితే చల్లబడిన గాలి

ఆ రోజు పెద్దనాయన లెక్కలో తప్పు కావాలనే పెట్టారా, నిజంగానే పొరపడ్డారా? ఇరవై ఆరేళ్లుగా ఈ ప్రశ్నను మోస్తున్నాను. జవాబు తెలిసిన ఒకే ఒక్క మనిషి మొన్న ఆదివారం పొద్దున చిలకలగూడలోని తన ఇంట్లో, చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి, పోయారు. పెద్దమ్మ ఫోన్ చేసి, "మీ పెద్దనాయన లేడు బిడ్డా" అంది. అంతే అంది.

ఆయన మాకు చుట్టం కాదు. మేం ఆ ఇంట్లోనే అద్దెకున్నప్పుడు పక్కవాటా వాళ్లు. రైల్వే ఇంజన్ల షెడ్‌లో ఫిట్టర్‌గా చేరి, డ్యూటీ చేస్తూనే డిప్లొమా చదివి, చార్జ్‌మన్‌గా, ఫిట్టర్ల పై అధికారిగా రిటైరయ్యారు. డిగ్రీ మొదటి ఏడాదిలో థర్మోడైనమిక్స్ కొరుకుడు పడక నేను ఏడుస్తుంటే గోడ అవతలికి వినపడిందేమో, "ఏందమ్మా, గాలి లెక్కకు గింత పరేషానా? పుస్తకం పట్కరా" అన్నారు.

వరండాలో షాబాద్ బండల మీద సుద్దముక్కతో చెప్పేవారు. ముందు చుక్కల గీతతో ఒక డబ్బా. "గీత గియ్యంది లెక్క షురూ చెయ్యకు. లోపలికి ఏమొచ్చింది, బయటికి ఏం పోయింది, చూస్కో. గంతే." నొక్కితే గాలి ఎందుకు వేడెక్కుతుందని ఒకసారి అడిగాను. తలుపు వెనక నుంచి సైకిల్ పంపు తెచ్చి, నాతో ఇరవైసార్లు కొట్టించి, "ఇప్పుడు అడుగున ముట్టు" అన్నారు. చుర్రుమంది. "పుస్తకం మర్చిపోయినా వేలు మర్చిపోదు" అని నవ్వారు.

ఆయనకో అలవాటు. చేసిచ్చిన ప్రతి లెక్కలో ఒక తప్పు దాచేవారు. పెద్దమ్మ చాయ్ తెచ్చేలోగా నేను పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే, "మా షెడ్‌ల ఉంటే ఇంజన్ గిట్లనే పంపిస్తుంటివా?" అని ఆటపట్టించేవారు.

ఆ వారం ఆయన కంటికి ఆపరేషన్ అయింది. ఒక కంటి మీద పచ్చగుడ్డ. నాకేమో కాలేజీకి ఆలస్యమవుతోంది. ఆయన చేసిన లెక్కను, తప్పు వెతక్కుండానే నా కాగితంలోకి ఎక్కించుకుని పరుగెత్తాను. గాలిని నొక్కడానికి చేసిన పని మూడొందల జౌల్స్, బయటికి పోయిన వేడి వంద. లోపలి శక్తి రెండొందలు పెరగాలి. నా కాగితంలో పని ముందు ప్లస్‌కు బదులు మైనస్ పడి, నాలుగొందలు తగ్గింది. లెక్చరర్ దాన్ని పైకి చదివి, "నొక్కితే చల్లబడే గాలిని కనిపెట్టిందండీ ఈమె" అన్నాడు. క్లాసంతా నవ్వింది.

సాయంత్రం వచ్చి ఆయన మీద అరిచాను. "రాకుంటే రాదని చెప్పాలె గదా!" పెద్దమ్మ చాయ్ గ్లాసులతో గడపలోనే ఆగిపోయింది. ఆయన కాగితాన్ని ఒంటికంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు.

"తప్పైంది బిడ్డా" అన్నారు.

ఆ తర్వాత కూడా ఏడాదంతా లెక్కలు చెప్పారు, ఒక్కో మెట్టూ రెండుసార్లు సరిచూసుకుంటూ. వాటిలో నాకు ఒక్క తప్పూ దొరకలేదు. మంచి మార్కులతో పాసయ్యాను. వరండాలో ఆట మాత్రం ఆగిపోయింది.

ఆయన కావాలనే పెట్టి ఉంటే, నా నిర్లక్ష్యాన్ని తన తప్పుగా ఒప్పుకున్నారు. నిజంగా కంటికి ఆనకపోయి ఉంటే, కట్టుతో కూర్చున్న మనిషిని పట్టుకుని అంత మాటన్నాను. నిరుడు అడుగుదామనే వెళ్లాను. నన్ను చూడగానే "లెక్క తెచ్చినవా?" అన్నారు.

"లేదు పెద్దనాయనా, ఊకెనే వచ్చిన."

"ఒకటి తెస్తే ఏమాయె" అన్నారు. మొహం చిన్నబోయింది. ఆ సంగతి ఎత్తకుండానే చాయ్ తాగి వచ్చేశాను.

మొన్న ఆయన్ను తీసుకెళ్లాక ఆడవాళ్లం ఇంట్లోనే ఉన్నాం. వరండా కడిగిన తడి ఇంకా ఆరలేదు. బండల మీద గీతలేమీ లేవు. తలుపు వెనక పంపు ఉంది. తీసి ఇరవైసార్లు కొట్టాను. లోపలి వాషర్ ఎండిపోయిందేమో, గాలి పక్కల నుంచి జారిపోయింది. అడుగున ముట్టుకుని చూశాను. చల్లగానే ఉంది.

కావాలనే పెట్టారో, కంటికి ఆనలేదో, నాకు ఇప్పటికీ తెలియదు. ఏది నిజమైతే నాకు కాస్త తేలికో, అదీ తేల్చుకోలేకపోతున్నాను.