పొగ రాని డీజిల్ కారు

1997 ఎండాకాలం. విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ బళ్ళ షెడ్డు పెట్టి అప్పటికి ఎనిమిదేళ్ళయింది. ఇంజను చప్పుడు విని రోగం చెప్పేస్తానని నాకు కాస్త పేరుండేది, ఆ పేరుకి మించిన గర్వమూ ఉండేది. ఆ గర్వాన్ని మూడు రోజుల్లో దించేసిన కేసు ఇది.

బందరు అవతల సముద్రం ఒడ్డున ఉండే సూరిబాబు పాత తెల్ల కారు తెచ్చాడు. వెంట భార్య నాంచారమ్మ, ఆవిడ చేతిలో పెద్ద క్యారేజీ. కారు ముప్ఫై దాటడం లేదు. నేనే నడిపి చూద్దామని వారధి ఎక్కించబోతే, ఒక సైకిలతను మమ్మల్ని దాటిపోయి వెనక్కి తిరిగి జాలిగా చూశాడు.

"ఇది నడవకపోతే నేను బోటెక్కాలండీ మేస్త్రి గారూ," అన్నాడు సూరిబాబు. "మా బావమరిది ఆదివారం దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత కారు అమ్మేసి చేపల వేటకి రమ్మంటున్నాడు."

"ఎక్కితే ఏం? మీ ఇంట్లో అందరూ చేసే పనేగా?"

"ఒడ్డు కనపడకపోతే నాకు వాంతులండీ. పెళ్ళయిన కొత్తలో ఒకసారి వెళ్ళాను. ఆ రోజు వల పట్టుకున్నవాళ్ళ కంటే నన్ను పట్టుకున్నవాళ్ళే ఎక్కువ."

నాంచారమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అతను మాత్రం నవ్వలేదు. ఆ కారుని కిరాయికి తిప్పుకుంటూనే పాపం ఒడ్డు మీద నిలబడ్డాడు.

"పొగ ఎలా వస్తోంది?" అన్నాను.

"అసలు రావట్లేదండీ. ఈమధ్య బాగా తగ్గింది," అన్నాడు గొప్పగా. మంచిదే అనుకున్నాను. నిజానికి పాత డీజిల్ బండికి ఉన్నట్టుండి పొగ తగ్గిందనగానే నేను ఉలిక్కిపడాల్సింది.

మొదటి రోజు డీజిల్ ఫిల్టరు మార్చి, ఎయిర్ ఫిల్టరు దులిపాను. రెండో రోజు ఇంజెక్టర్లు విప్పాను. సిలిండర్లలోకి డీజిల్‌ని సన్నగా చిమ్మేవి అవే. ఒకటి కారుతుంటే బాగుచేశాను. కారు మళ్ళీ ముప్ఫై దగ్గరే మొరాయించింది. కింద దూరినప్పుడు పొగగొట్టం కొసన సన్న తీగ కట్టి ఉండటం చూశాను. పల్లెటూరి బళ్ళకి తీగలు మామూలే కదా అని వదిలేశాను.

"మా టాక్సీ స్టాండులో ఎర్ర కారువాడు ఏదో చేశాడండీ. వాడి చూపే మంచిది కాదు," అని సూరిబాబు గొణుగుతూనే ఉన్నాడు. నాంచారమ్మ మాత్రం షెడ్డు వెనకే పొయ్యి పెట్టుకుని, మధ్యాహ్నం కాగానే వంకాయ, ఎండు రొయ్యల కూర వడ్డించేది. రొయ్యలు వాళ్ళ వాకిట్లో ఎండబెట్టినవే. అంత రుచిగా తింటూ అసలు సంగతి కనుక్కోలేకపోయాను.

మూడో రోజు చేతులెత్తేశాను. "ఇంజను అరిగిపోయినట్టుంది. మొత్తం విప్పాల్సిందే," అన్నాను. సూరిబాబు ముఖం అప్పుడే బోటెక్కినట్టు అయిపోయింది.

విప్పడానికి ముందు పొగగొట్టాన్ని ఇంజను దగ్గర ఊడదీశాను. ఎందుకో ఒకసారి స్టార్ట్ చేస్తే షెడ్డు దద్దరిల్లింది. ఇంజను నిక్షేపంగా ఉంది! అడ్డమేదో గొట్టంలోనే ఉందన్నమాట. ఇంజను ఆపి, వెనక్కి వెళ్ళి ఆ తీగ పట్టుకు లాగాను. మూరెడు లోపలి నుంచి ఇనప జాలీ మూట ఒకటి బయటపడింది. దాని నిండా గిన్నెలు తోమే స్టీలు పీచు, మసి పట్టి రాయిలా బిగుసుకుపోయింది.

"చెప్పానా! ఎర్ర కారువాడే!" అని సూరిబాబు ఎగిరాడు. అంతలో తీగకున్న ముడి చూసి ఆగిపోయాడు. అది వల అల్లేవాళ్ళు వేసే ముడి.

"ఇలా రెండు చుట్లు తిప్పి వేసేది మా ఇంట్లో ఒక్కళ్ళేనండీ," అంటూ మెల్లగా భార్య వైపు తిరిగాడు.

"పొద్దున్నే వాకిట్లో బండి స్టార్ట్ చేసి పావుగంట రేజ్ చేస్తాడు అన్నయ్య గారూ," అంది నాంచారమ్మ ఏమాత్రం తొణక్కుండా. "మసంతా నా రొయ్యల మీదే. కొనేవాళ్ళు బుట్టలు వెనక్కి పంపేశారు. ఎన్నిసార్లు చెప్పినా వినడు. వలలో చేప ఆగినప్పుడు జాలీలో మసి ఆగదా అని పెట్టాను."

"ఆగిందమ్మా. మసీ ఆగింది, బండీ ఆగింది. మూడు రోజుల్నుంచీ ఇక్కడే ఉన్నావు, ఒక్క మాట చెప్పకూడదూ?"

"మీరు ముందు వైపు విప్పుతున్నారు, నేను పెట్టింది వెనకాల. దానికీ దీనికీ సంబంధం ఉందని నాకేం తెలుసు? అయినా నన్నెవరడిగారు?"

ఆవిడ కూర తిన్నానే గానీ ఆవిడని ఒక్క ప్రశ్న అడగలేదు. అప్పటి నుంచీ బండితో ఎవరొచ్చినా, వెనక సీట్లో కూర్చున్నవాళ్ళని కూడా పలకరించాకే స్పానర్ పట్టుకుంటున్నాను.

వెళ్ళేముందు నాంచారమ్మ ఇంకో మాట అంది. "వారానికోసారి తీసి, పొయ్యిలో కాల్చి, మసి దులిపి మళ్ళీ పెడితే నడవదా?"

షెడ్డులో అందరం పడీపడీ నవ్వాం. ఇకనుంచి పొద్దున్నే బండిని వీధిలోకి తోసుకెళ్ళి స్టార్ట్ చేసుకోమని సూరిబాబుకి చెప్పాను. ఈసారి నేను పక్కన కూర్చుని చూస్తుండగా కారు వారధిని అరవైలో ఎక్కింది. "మా బావమరిదిని వేరే మనిషిని చూసుకోమంటానండీ!" అని సూరిబాబు స్టీరింగు మీద కొడుతూ అరిచాడు.

చాలా ఏళ్ళకి కొత్త డీజిల్ కార్లలో డీపీఎఫ్ అని ఒకటి వచ్చింది. శిక్షణ ఇవ్వడానికి వచ్చిన కుర్ర ఇంజనీరు బొమ్మ గీసి చూపించాడు. పొగగొట్టంలో జల్లెడలాంటిది ఉంటుంది, మసిని పట్టేస్తుంది. నిండిపోతే కారే దాన్ని వేడెక్కించి మసి కాల్చేసుకుంటుంది.

"దీని గురించి ఇంతకుముందు ఎవరైనా విన్నారా?" అని అడిగాడు.

నేను చెయ్యెత్తాను. "బందరు అవతల ఎండు రొయ్యలమ్మే ఒకావిడ చెప్పిందండీ, తొంభై ఏడులో."

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు.