టైపిస్టు ఖాళీల ఫైలు

తిరుపతి ఉపాధి కార్యాలయంలో ఖాళీల బోర్డు రాసే పని నాది. నేను చేరిన కొత్తలో అటెండరు, టైపిస్టు, డ్రైవరు, అన్నీ సర్కారు పోస్టులే రాసేదాన్ని. ఇప్పుడు వాటి జాడే లేదు. మెషిన్ ఆపరేటరు, నర్సు, స్టోర్స్‌లో కంప్యూటర్ ఎంట్రీ అంటూ ప్రైవేటు కంపెనీలు పంపేవే రాస్తున్నాను. బోర్డు మారింది గానీ వచ్చేవాళ్ళ ఆశ మారలేదు. పేరు నమోదు రెన్యువల్ ఫోన్‌లోనే చేసుకోవచ్చని ఎంత చెప్పినా కార్డు పట్టుకుని మనుషులే వస్తారు. సీనియారిటీ పోకూడదు, ఇంటికి పిలుపు రావాలి.

వడమాలపేట నుంచి ఒకావిడ అట్లాగే వచ్చేది. తెలుగు, ఇంగ్లీషు రెండింట్లో టైపు పాసైంది. భర్త పోయాక పుట్టింట్లో ఉంటూ కూతుర్ని చదివించుకుంటోంది. పోయినేడు రెన్యువల్‌కి వస్తే బోర్డు చూపించాను. సత్యవేడు వైపు ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో ఎంట్రీకి మనిషి కావాలి. వయసు ముప్పై అయిదు దాటకూడదు. ఆమెకు ఆ నెలాఖరుకే నిండుతాయి.

"వద్దులే మేడం," అంది. "ప్రైవేటులో చేరితే సీనియారిటీ పోతాది. ఇన్నేండ్లు కాపాడుకున్నా. నా వంతు దగ్గరికొచ్చుంటాది."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఏ వంతమ్మా? నువ్వే చూసుకో," అని బీరువా తీసి టైపిస్టు ఖాళీల ఫైలు ఆమె ముందు పడేశాను.

అన్నిటికంటే పైన ఉన్న, చివరగా వచ్చిన ఉత్తరం కూడా పసుపుబారిపోయింది. ఆమె తేదీ చూసింది.

"ఇది మా పాప పుట్టిన ఏడు మేడం," అంది మెల్లగా. "ఆ తర్వాత ఒక్కటీ రాలేదా? మరి వచ్చిన ప్రతిసారీ 'వస్తుందిలేమ్మా' అన్నారే. యాల అట్లా చెప్పినారు?"

సిగ్గేసింది. కష్టంలో ఉన్న మనిషిని వట్టి చేతులతో పంపలేక అనేదాన్ని. అది మంచితనమనుకున్నాను. ఇన్నేళ్ళూ నేను చూపించింది అరచేతిలో వైకుంఠమని ఆ రోజే అర్థమైంది.

"తప్పు నాదేమ్మా," అన్నాను.

ఆమె ఫైలు మూసి నా ముందు పెట్టింది. ఆ ఫ్యాక్టరీ అప్లికేషన్ అడిగింది. నేనే నింపి, ఆమె ముందరే కంపెనీకి ఫోన్ చేశాను. వారం తిరక్కుండా ఆమెను తీసుకున్నారు. ఆ రోజు నాకే ఉద్యోగం వచ్చినంత సంబరపడ్డాను.

నాలుగు నెలలకు మళ్ళీ వచ్చింది. మెడలో కంపెనీ కార్డు, ముఖంలో మునుపెన్నడూ చూడని తేట. ఒక కాగితం నా చేతికిచ్చింది.

"మా స్టోర్స్‌లో ఇంకో ఇద్దరు కావాలంట. బోర్డు మీద రాయండి మేడం. టైపు నేర్చుకుని నా మాదిరి కాసుకోనుండేవాళ్ళు ఈడ శానామంది ఉండారు. సర్కారు పోస్టు రాదని వాళ్ళకైనా ముందే చెప్పండి. ముప్పై అయిదేండ్లు నిండేదాకా ఆపొద్దండి."